మీకు తెలుసా? పల్లె బతుకు చవక అన్నది పాత మాట

ఐదేళ్లలో 23 రూపాయలు

పల్లెటూళ్లో ఖర్చేముంటుంది, అంతా చవకే కదా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ముందుగా ఒక లెక్క చెప్పాలి. పల్లెల్లోనూ, 50 వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊళ్లలోనూ కుటుంబాల రాబడి, ఖర్చుల మీద నాబార్డు దేశమంతటా రెండు సర్వేలు చేసింది. 2016-17లో సగటు కుటుంబానికి నెలకు 8,059 రూపాయలు వస్తుంటే 6,646 ఖర్చయ్యేవి. 2021-22 నాటికి రాబడి 12,698 అయింది, ఖర్చు 11,262 అయింది. అంటే రాబడి 58 శాతం దాకా పెరిగితే, ఖర్చు 69 శాతం పైనే పెరిగింది.

ఇప్పుడు తీసివేత చేసి చూడండి. అప్పుడు నెలాఖరుకు మిగిలింది 1,413 రూపాయలు, ఐదేళ్ల తరవాత మిగిలింది 1,436. పెరిగిన మిగులు 23 రూపాయలు. ఈ ఐదేళ్లలో సరుకుల ధరలెంత పెరిగాయో తెలుసు కాబట్టి, నిజానికి మిగులు తగ్గిందనే చెప్పాలి. పైగా ఇది సగటు. కూలి మీదే బతికే ఇంట్లో ఆ 1,436 కూడా కనబడవు. అప్పులున్న కుటుంబాలు మొదటి సర్వేలో 47.4 శాతం ఉంటే, రెండోదానిలో 52 శాతానికి చేరాయి.

టీవీలో చెప్పే ద్రవ్యోల్బణం ఎవరిది?

ప్రతి నెలా టీవీలో వినబడే అంకె పల్లెను, పట్నాన్ని కలిపి కట్టిన సగటు. కానీ రెండు చోట్లా బతుకు ఒకటి కాదు. 2012ను ఆధార సంవత్సరంగా పెట్టుకుని పదేళ్లకు పైగా నడిచిన వినియోగ ధరల సూచీలో పట్నవాసం ఖర్చులో తిండి వాటా 36.29 శాతం. పల్లెలో 54.18 శాతం. అందుకే ఉల్లి, టమాటా, నూనె ఒకేసారి మండినప్పుడు పట్నంలో జీతగాడికి చురుక్కుమంటే, పల్లెలో కూలి ఇంటికి వాత పడుతుంది. 2024 అక్టోబరులో ఇదే జరిగింది. పట్నంలో ద్రవ్యోల్బణం 5.62 శాతం ఉంటే పల్లెలో 6.68.

ఆ సూచీలో పల్లెకు ఇంటి అద్దె అన్న పద్దే లేదు. ఊళ్లో అందరికీ సొంతిల్లు ఉంటుందన్న నమ్మకంతో కట్టిన లెక్క అది. మండల కేంద్రంలో గది తీసుకుని పిల్లల్ని చదివించుకునే తల్లిదండ్రుల్ని అడగండి, అద్దె సంగతి వాళ్లు చెబుతారు.

మరి ధరలు పడిపోతే పల్లెకు పండగేనా? కాదు. 2025 అక్టోబరులో కూరగాయలు, పప్పుల ధరలు దిగిపోయి పల్లె ద్రవ్యోల్బణం సున్నా కంటే కిందికి, మైనస్ 0.25 శాతానికి పోయింది. కాగితం మీద అది శుభవార్తే. కానీ ఆ సీజన్లోనే కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర కూలిపోయి, క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వం ముందుకు రావాల్సి వచ్చింది. పట్నంలో కొనేవాడు కొనేవాడే. పల్లెలో కొనేవాడే అమ్మేవాడు కూడా. ధర పెరిగితే అతని సంచి బరువు తగ్గుతుంది, తగ్గితే అతని చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది.

1983 నాటి సంచితో 2025 నాటి కూలి

నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన లెక్క ఇది. ఉపాధి హామీ కూలిని ఏటా పెంచడానికి ప్రభుత్వం చూస్తూ వచ్చిన కొలమానం వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీ. 2025 మధ్య దాకా ఆ సూచీకి ఆధారం 1986-87. కూలి కుటుంబం దేనికెంత ఖర్చు పెడుతుందన్న అంచనా అంతకంటే పాతది, 1983లో చేసిన జాతీయ నమూనా సర్వేది. అందులో తిండి వాటా 69 శాతం.

1983 అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైన ఏడాది. అప్పటి కూలి ఇంట్లో సెల్‌ఫోన్ లేదు, బండి లేదు, గ్యాస్ పొయ్యి లేదు, కొనుక్కునే నీళ్లు లేవు, స్కూలు బస్సు ఫీజు లేదు. ఇవన్నీ ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక కూడా ఆనాటి సంచితోనే ధరలు తూచారు. చివరికి 2025 జూన్ నుంచి 2019 ఆధారంగా కొత్త సూచీ వచ్చింది. రావడం మంచిదే, కానీ ఒక తరం కూలీల బతుకు ఈలోగా గడిచిపోయింది.

ఫలితం చూడండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ గడ్డ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లోనూ, పక్కనున్న తెలంగాణలోనూ 2024-25లో రోజుకూలి 300 రూపాయలు. 2025-26లో 307. ఏడాదికి ఏడు రూపాయల పెంపు. హరియాణాలో అదే ఏడాది అదే పథకం కింద 400. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో ఇంకొకటి తెచ్చింది, వంద రోజుల పనిని 125 రోజులు చేస్తామంది. రోజులు పెరగడం సంతోషమే. రోజుకూలి ఇంటి ఖర్చుతో పాటు పెరగకపోతే మాత్రం ఆ పాతిక రోజులతో ఒరిగేది తక్కువ.

బియ్యం ఉచితం, మరి డబ్బెటు పోతోంది?

గృహ వినియోగ వ్యయ సర్వేల్లో ఒక వింత కనబడుతుంది. 1999-2000లో పల్లె కుటుంబం ఖర్చులో బియ్యం, గోధుమ, జొన్న వంటి తిండిగింజల వాటా 22 శాతం పైచిలుకు. 2022-23 నాటికి అది 4.91 శాతం. రేషన్ బియ్యం దీనికి పెద్ద కారణం. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద బియ్యం పూర్తిగా ఉచితం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం కూడా ఇస్తున్నారు. ఇది పేదింటికి నిజమైన ఆసరా. తీసేస్తే ఏమవుతుందో ఊహించడానికే భయం వేస్తుంది.

అయితే బియ్యం మీద మిగిలిన డబ్బు చేతిలో నిలవలేదు. అదే సర్వే ప్రకారం 2022-23లో పల్లె తిండి ఖర్చులో పెద్ద పద్దు టీ, కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే తయారీ సరుకులది, మొత్తం ఖర్చులో 9.62 శాతం. రాకపోకల ఖర్చు 7.55 శాతం. వైద్యం 7.13 శాతం, పట్నంలో 5.91 మాత్రమే. ఈ వైద్యం ఖర్చులో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరినందుకు కాదు, ఓపీ చీటీలకు, పరీక్షలకు, మందులకు. గుండె ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. నెలనెలా మెడికల్ షాపులో కొనే బీపీ, షుగరు మాత్రలకు సొంత జేబే దిక్కు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఒక్కసారి స్టాకు లేదని తిప్పి పంపితే మాత్రం, ఆటో చార్జీ పెట్టుకుని రెండోసారి వెళ్లేవాళ్లు తక్కువ.

నీళ్లకు పన్నెండు రోజుల కూలి

ఊరి నడుమ ఒక రేకుల గది, దాని ముందు నీలం రంగు ఇరవై లీటర్ల డబ్బాల వరస. సాయంత్రం పూట ఏ ఊరికి వెళ్లినా కనబడే దృశ్యమే. ప్లాంటు దగ్గరికి డబ్బా తీసుకెళ్లి పట్టుకుంటే ఐదో పదో, ఇంటి గుమ్మంలో దింపితే ఇంకా ఎక్కువ. రోజుకు పది రూపాయల డబ్బా ఒకటి వాడే ఇంటికి ఏడాదికి 3,650 రూపాయలు. 307 రూపాయల కూలితో భాగించండి, పన్నెండు రోజుల కష్టం. రెండు రాష్ట్రాల్లోనూ కుళాయి నీళ్ల మీద ప్రభుత్వాలు చాలా డబ్బు ఖర్చు పెట్టాయి. ఆ నీళ్లు తాగవచ్చన్న నమ్మకం జనంలో ఇంకా కుదరలేదు. ఊళ్లో కుళాయి నీళ్ల పరీక్ష ఫలితాలను పంచాయతీ ఆఫీసు గోడ మీద నెలనెలా అంటిస్తే చాలు, చాలా ఇళ్లలో ఈ ఖర్చు దిగుతుందని నా నమ్మకం.

ఏడాదికి 12 నెలలే, రీచార్జులు 13

28 రోజుల ప్లాన్ వేసుకునేవాళ్లు ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు డబ్బు కడతారు. 28 రోజులకు 299 రూపాయల ప్లాన్ అనుకుందాం. ఏడాదికి ఒక్క ఫోనుకు 3,887. ఇదీ దాదాపు పదమూడు రోజుల ఉపాధి కూలే. ఇప్పుడు ఫోను విలాసం కూడా కాదు. ఓటీపీ రాకపోతే బ్యాంకు పని ఆగిపోతుంది, పింఛను, గ్యాస్, భూమి రికార్డు, ఏ పనికైనా నంబరు బతికుండాలి. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన రీచార్జి చేసుకునే ప్లాన్ కనీసం ఒకటి ప్రతి కంపెనీ ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలోనే ఆదేశించింది. రీచార్జి కొట్టు వాడు తనంతట తాను చెప్పడు. అడిగి వేయించుకోండి.

ఊళ్లో పండిన టమాటా ఊరికి ఎటునుంచి వస్తుంది?

2023 జూలైలో టమాటా ధర ఆకాశాన్నంటింది. చాలాచోట్ల కిలో 150 దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. 1999లో మొదలైన ఈ రైతుబజార్లు మంచి ఏర్పాటే. కానీ అవి ఉన్నది పట్నాల్లో. పల్లెలో కూలి ఇంటికి కూరగాయలు తెచ్చేది మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చే ఆటో. ఆ ఆటోలో ఉన్న టమాటా చుట్టుపక్కల మండలంలో పండిందే అయినా, పట్నంలో హోల్‌సేల్ మార్కెట్‌కు పోయి, కమీషను, హమాలీ, కిరాయి మోసుకుని మళ్లీ ఊరికే వస్తుంది. మదనపల్లె వంటి పెద్ద టమాటా మార్కెట్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిదీ ఇదే కథ.

వినియోగదారు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలని 2024లో వచ్చిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రం తేల్చింది. ఉల్లిలో 36, ఆలుగడ్డలో 37. మిగతా అరవై పైసల పైచిలుకును దారిలో వదిలి వచ్చిన సరుకును, పండించిన చేతులే తిరిగి కొంటున్నాయి. వారపు సంతలో రైతు నేరుగా కూర్చుని అమ్మితే ఈ దారి చాలావరకు తగ్గుతుంది. సంత జరిగే చోట నీడ, నీళ్లు, నాలుగు గట్టి అరుగులు వేయించడం పంచాయతీకి మోయలేని పనేమీ కాదు.

నూనె ధర ఇండోనేషియా నుంచి మన ఊరి దాకా

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అందుకే 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేస్తే, మూడు నాలుగు వారాలపాటు మన ఊరి కిరాణా కొట్టు దాకా సెగ తగిలింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె అప్పటికే మండుతోంది.

2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని మొత్తంగా 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి జిల్లాల పామాయిల్ రైతు ఊపిరి పీల్చుకున్నాడు, గెలల ధర లేచింది. అదే తోటలో గెలలు కోసే కూలి ఇంట్లో నూనె ప్యాకెట్ ధర కూడా లేచింది. సుంకం పెంచడం తప్పనడం లేదు, ఏళ్ల తరబడి పెంచిన తోటను రైతు నరికేసుకునే స్థితి రాకూడదు. పెంచిన రోజునే రేషన్ కొట్లో లీటరు నూనె రాయితీ మీద ఇచ్చే ఏర్పాటు కూడా చేసి ఉంటే ఆ కూలికి న్యాయం జరిగేది. 2025 మే చివర్లో ఈ సుంకాన్ని కొంత తగ్గించారు.

యూరియా ధర పెరగలేదు, మరి ఖర్చెందుకు పెరిగింది?

2018 మార్చి నుంచి యూరియా 50 కిలోల బస్తా పోయి 45 కిలోల బస్తా వచ్చింది. ధర 268 నుంచి 242కి దిగింది, పన్నూ వేపపూత ఖర్చూ వేరు. కిలో లెక్కన చూస్తే తేడా లేదు. ఇందులో రైతుకు మోసం జరగలేదు. డీఏపీ మాత్రం 2021లో 1,200 ఉన్నది ఆ తరవాత 1,350 అయింది. ఈ రెండిటికీ కేంద్రం పెద్ద ఎత్తున సబ్సిడీ భరిస్తోంది.

రైతును కుంగదీసేది బస్తా మీద అచ్చు వేయని ఖర్చు. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కాచుకున్నారు. ఒక బస్తా కోసం ఒక రోజు కూలి పోయింది, కొన్నిచోట్ల రెండు. కొందరు డీలర్లు యూరియాతో పాటు జింకో, ఇంకేదో డబ్బానో కొంటేనే ఇస్తామని లింకు పెడతారు. అలా లింకు పెట్టి అమ్మడం నిబంధనలకు విరుద్ధం. రసీదు అడిగి తీసుకుని మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ఐదు రూపాయల ప్యాకెట్లో ఎన్ని గ్రాములు?

ఐదు, పది రూపాయల ప్యాకెట్ ధర కంపెనీలు అంత తేలిగ్గా పెంచవు, పెంచితే పల్లెలో అమ్మకం పడిపోతుంది. ధర అలాగే ఉంచి గ్రాములు తగ్గిస్తాయి. వారం కూలి చేతికొచ్చే ఇంటికి నెల సరుకు ఒకేసారి కొనే వీలుండదు. పొద్దున పది రూపాయల నూనె, సాయంత్రం ఐదు రూపాయల టీపొడి, అదీ ఖాతా రాయించి. చిన్న ప్యాకెట్ ఎప్పుడూ ఖరీదే అనుకోకండి, షాంపూ లాంటి వాటిలో కొన్నిసార్లు సాచెట్టే చవక పడుతుంది. అందుకే చూడాల్సింది మొత్తం ధర కాదు, దాని పక్కన సన్న అక్షరాల్లో ఉండే గ్రాము ధర, మిల్లీలీటరు ధర. 2025 సెప్టెంబరు 22న బిస్కెట్లు, సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గాక చాలా కంపెనీలు చిన్న ప్యాకెట్ల ధర కదపకుండా గ్రాములు పెంచాయి. మీరు కొనేదానిలో పెరిగాయో లేదో చూడండి. అచ్చువేసిన ధర కంటే ఎక్కువ తీసుకుంటే, బరువు తగ్గితే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు.

ఉచిత బస్సు, రాని బస్సు

ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. బస్సు వచ్చే ఊళ్లో అది నెలకు వందల రూపాయల ఆదా. రాని ఊళ్లో షేర్ ఆటోనే గతి, ఆదా సున్నా. పథకం ఎంతమందికి అందిందో చెప్పేటప్పుడు, బస్సు వెళ్లని ఊళ్లెన్నో కూడా ఆర్టీసీ ప్రకటించాలి.

మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి 36

కూలీ రైతూ ఇద్దరి ఖర్చులోనూ ఏ సూచీకీ ఎక్కని పద్దు ఒకటుంది, వడ్డీ. 2019 నాటి జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద అప్పున్న రైతు కుటుంబాలు 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7. ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబం సగటు అప్పు 2.45 లక్షలు, దేశ సగటు 74,121 రూపాయలు.

ఊళ్లో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 50 వేలు తెచ్చిన కౌలు రైతు ఏడాది తిరిగేసరికి వడ్డీ కిందే 18 వేలు కట్టాలి. అదే 50 వేలు బ్యాంకులో పంట రుణంగా దొరికితే వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే, అంటే 2 వేలు. తేడా 16 వేలు, యాభై రోజులకు పైగా ఉపాధి కూలి. ఇంటిల్లిపాదీ నీళ్లలోనూ, రీచార్జులోనూ, నూనెలోనూ పొదుపు చేసినా ఇంత మిగలదు.

ఆ బ్యాంకు అప్పు కౌలు రైతుకు ఎందుకు దొరకదు? పాసు పుస్తకం భూయజమాని పేరున ఉంటుంది కనుక. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు కూడా పట్టాదారుకే వెళ్లింది, సాగు చేసే కౌలుదారుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు ఒక పత్రం ఇచ్చింది. దాని మీద పంట రుణం అడగవచ్చు, పంట నష్టపోతే పరిహారం అడగవచ్చు. గడువు 11 నెలలే, భూమి మీద యాజమాన్య హక్కుకు దానివల్ల ఏ భంగమూ లేదు. కానీ దానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టడం లేదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఊళ్లో పొలం కౌలుకిచ్చి హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటున్నవాళ్లు తప్పక ఉంటారు. మీ పొలం చేస్తున్న మనిషికి ఈ పంట కాలంలో ఫోన్ చేసి, ఆ కాగితం మీద సంతకం పెట్టండి.